అక్షరాలు కిందికి

మా పాప తల అడ్డంగా ఎంత ఉందో దారంతో కొలిచి, రెండు చివర్లా ముడివేసి, ఆ దారాన్ని పర్సులో పెట్టుకుని రెండు నెలలు తిరిగాను. ఆళ్లగడ్డలో అప్పుడు మేమొక సామాజిక భవనం కడుతున్నాం. అందులో ఒక గది చిన్నపిల్లలది. ఆ గది కిటికీ చువ్వల మధ్య సందు నా దారం కంటే తక్కువ ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం. చువ్వలేమో నంద్యాలలో మూతపడిన ఒక బియ్యం మిల్లువి. బస్తాలు బయటికి పోకుండా బిగించినవి. బస్తా పట్టని సందులో బిడ్డ తల పడుతుందా లేదా అన్నది ఆ మిల్లు కట్టినవాళ్లు ఆలోచించి ఉండరు.

నేను ప్రతి సందుకూ దారం అడ్డంపెట్టి చూస్తుంటే పెద్దమేస్త్రీ బీడీ ఆర్పేసి దగ్గరికొచ్చాడు. అరవై దాటిన మనిషి. నవ్వకుండా మాట్లాడతాడు, అదే ఇబ్బంది.

"తలకాయ నంద్యాలలో, దారం ఈడ. బాగుందిమ్మా నీ ఇంజినీరింగు."

నేను ఇంజినీర్ని కాదు, ఆర్కిటెక్టుని. ఆ తేడా ఆళ్లగడ్డలో ఎవరికీ అవసరం పడలేదు. రెండో వారం నుంచి నేనూ చెప్పడం మానేశాను.

పెళ్లయి నంద్యాల వచ్చాక ఎరువుల అంగడి పైన రెండు గదుల ఆఫీసులో పనికి చేరాను. కాన్పుకు సెలవు పెట్టి, పాపకు ఏడాది దాటాక మళ్లీ వెళితే మొదట చేతికొచ్చిన పని ఇది. పొద్దున పాపను అత్తకు అప్పగించి బస్సెక్కుతాను. శిరివెళ్ల దగ్గర ఒకసారి, ఆళ్లగడ్డలో దిగగానే ఒకసారి, అన్నం తినేటప్పుడు ఒకసారి ఫోన్ చేస్తాను. పాప ఏం చేస్తోందని అడిగితే అత్త "కూర్చోనుంది" అంటుంది. ఏం తింటోందంటే "నన్ను" అంటుంది. మూడోసారికి ఫోన్ ఎత్తి, నేను అడగకముందే "బతికే ఉంది" అని పెట్టేస్తుంది. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చిందని అత్త అనుకుంటుంది. ఫోన్ పెట్టేశాక ఆ మాటను నేను నాలుగు రకాలుగా అర్థం చేసుకుంటాను.

భవనానికి డబ్బు పెట్టింది ఒక నగరంలోని సంస్థ. వారి తరఫున ఒక సారు వారానికోసారి ల్యాప్‌టాప్‌లో కనిపించేవారు. ఆయన వెనక ఎప్పుడూ ఒక పచ్చటి మొక్క ఉండేది. అది నిజమైనదో, తెర మీద బొమ్మో కడదాకా తేల్చుకోలేకపోయాను. మొదటి సమావేశంలో ఆయన ఒక బొమ్మ చూపించారు. పచ్చటి బాణాలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నాయి. సర్క్యులర్ ఎకానమీ అన్నారు. ఈ భవనంలో కొత్త వస్తువంటూ ఉండకూడదు. ఎక్కడో పని ముగించుకున్నవే ఇక్కడ మళ్లీ పని మొదలుపెట్టాలి. రేపు ఈ భవనం అక్కర్లేకపోతే ఊడదీసి ఇంకోచోట వాడుకునేట్టు ఉండాలి. కట్టకముందే కూల్చడం గురించి అంత ప్రేమగా మాట్లాడిన మనిషిని అంతకుముందు చూడలేదు.

ఇదంతా మేస్త్రీకి చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. బాణాల బొమ్మ కూడా మట్టిలో పుల్లతో గీశాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"పాత సామానుతో కట్టాలంటావ్. మా నాయన కట్టిన ఇండ్లన్నీ అట్లాంటివే. అప్పుడు దాన్ని పేదరికం అనేటోళ్లు."

ఆ మాట వారపు నివేదికలో 'స్థానిక సంప్రదాయ విజ్ఞానం' అన్న శీర్షిక కింద రాశాను. సారు దాని పక్కన మెచ్చుకోలు గుర్తు పెట్టారు.

ఆళ్లగడ్డలో రోడ్డుకు రెండువైపులా శిల్పాల షెడ్లు ఉంటాయి. దేవుళ్లు, నాయకులు, సింహాలు, నందులు, గోనెసంచి కప్పుకున్న తలలు. మేం కట్టే స్థలం వాటి వెనక వీధిలో. పిల్లల గది ఎందుకంటే, ఆ షెడ్లలో పాలిష్ పని చేసే ఆడవాళ్ల బిడ్డలు రాతి దుమ్ములోనే పెరుగుతున్నారు. నేను మొదటిరోజు కొలతలకు వెళ్లినప్పుడు ఒక షెడ్డులో, సగం చెక్కిన సింహం ముందుకాలికి పాత చీరపేలికతో కట్టేసి ఉన్న ఒక పిల్ల కనిపించింది. ఏడాదిన్నర ఉంటుంది, మా పాప కంటే కొంచెం పెద్దది. కనురెప్పల మీద తెల్లటి దుమ్ము. దాని తల్లి నాలుగడుగుల దూరంలో, నీళ్లు పోసుకుంటూ ఒక విగ్రహం మోకాలిని రుద్దుతోంది. నా మొహంలో ఏం కనిపించిందో గానీ, నేను అడగకుండానే జవాబిచ్చింది.

"కట్టకపోతే మిషను కాడికి పోతాది మేడం."

తర్వాత పరిచయమయ్యాక మిగతా సంగతి తెలిసింది. షెడ్డు యజమాని పెద్ద కోత మిషను ఇంకొకటి తెప్పిస్తున్నాడు. అది పెట్టేది సరిగ్గా ఆ సింహం ఉన్నచోటే. అది తిరగడం మొదలైన రోజునుంచి షెడ్డులో పిల్లలు ఉండకూడదని ఖరాకండిగా చెప్పాడు. నిజానికి ఆ మాటలో తప్పులేదు. ఆమెకు బిడ్డను చూసుకునే అత్తగారు లేరు. మిషను వచ్చేలోపు మా గది తెరుచుకోవాలి, లేకపోతే ఆమె పని మానుకోవాలి. నేను రాత్రుళ్లు పాపను జోకొడుతూ చువ్వల సందులు లెక్కపెట్టుకున్నానంటే కారణం అదే.

సామాను పోగుచేయడం మొదలుపెట్టాం. నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక రోడ్ల వెడల్పులో ముందు భాగాలు పోయిన ఇళ్లు చాలా ఉన్నాయి. తలుపులు అక్కడ దొరికాయి. ఏడు తలుపులు, ఏడు ఎత్తులు. ఒకదాంట్లోంచి నేను కూడా వంగి వెళ్లాలి. ఇంకోదాంట్లోంచి ఏనుగు మీద ఎక్కి వెళ్లొచ్చు. వాటన్నిటినీ ఒకే గోడలో బిగించి, దానికి 'వైవిధ్యం' అని పేరు పెట్టాను. దూలాలు, చువ్వలు మిల్లువి. హాలు నేలకు బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో మిగిలిపోయే ముక్కలు ఒక ట్రాక్టరు నిండా వచ్చాయి. హాలుకు అవి చాలు. పిల్లల గదికి మాత్రం నేను ఒప్పుకోలేదు. ముక్క ముక్కకూ అతుకు, అతుకు అతుకులో మట్టి, ఆ మట్టిని వేలితో తవ్వి నోట్లో పెట్టుకునే బిడ్డ. నాకు పెద్ద బండలు కావాలి, అతుకులు తక్కువ ఉండాలి, జారకూడదు. పైగా అవి పాతవై ఉండాలి.

షెడ్డు యజమాని తన పెరట్లో గోనెసంచులు తీసి చూపించాడు. గోడకు ఆనించి, ఒకదాని మీద ఒకటిగా ఇరవై మూడు నల్లరాతి పలకలు. అన్నీ శంకుస్థాపన శిలాఫలకాలు. ఏ ఒక్కటీ ఎవరూ తీసుకెళ్లలేదు. ఆర్డరిచ్చాక, అక్షరాలు చెక్కడం పూర్తయ్యేలోపు ఒక నాయకుడి పదవి పోయింది. చెక్కాక, తీసుకెళ్లేలోపు ఇంకో నాయకుడు పార్టీ మారాడు. నాలుగింటి మీద కర్నూలు జిల్లా అని ఉంది. ఆ అక్షరాల రంగు ఆరేలోపు మనది నంద్యాల జిల్లా అయింది. ఒకదాని మీద ముఖ్య అతిథి పేరు అంతా బాగుంది గానీ, అధ్యక్షత వహించినాయన పేరు అంతకంటే పెద్ద అక్షరాల్లో పడింది. ఇక ఆ పలక మీద ఎవరూ కొబ్బరికాయ కొట్టరు.

నా జీవితంలో అంత మంచి రాయిని అంత దగ్గరగా చూడలేదు. బస్సు షెల్టరు, మంచినీళ్ల ట్యాంకు, మహిళల మరుగుదొడ్లు, శీతల గిడ్డంగి, వంతెన, మళ్లీ బస్సు షెల్టరు. కట్టకుండా మిగిలిపోయిన ఊరు ఒకటి పెరట్లో గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

చెక్కిన ముఖం నున్నగా మెరుస్తుంది. వెనకవైపు మిషను కోసినట్టే ఉంటుంది, సమంగా, కొంచెం గరుకుగా. పిల్లలు తడికాళ్లతో పరిగెత్తినా జారదు. అక్షరాలు కిందికి, గరుకు పైకి. మేస్త్రీకి మొదట నచ్చలేదు. నున్నటి ముఖానికి సిమెంటు మాలు అంటదు, రెండేళ్లకు బండలు డబడబమంటాయి అన్నాడు. తర్వాత అక్షరాల గాడుల్లో బొటనవేలు పెట్టి చూశాడు. మాలు వాటిలోకి దిగి పట్టుకుంటుందని ఆయనకు అర్థమైంది. పేరు ఎంత లోతుగా చెక్కించుకుంటే బండ అంత గట్టిగా నిలబడుతుంది. ఆ నాయకుల్లో కొందరు చాలా లోతుగా చెక్కించుకున్నారు.

వెనకవైపు అంచుల పదును పోయేలా చేతిరాయితో రుద్దింది సింహం దగ్గర చూసిన ఆ తల్లే. వారం రోజులు రుద్దింది. పని మొదలుపెట్టే ముందు ప్రతి పలకనూ ఒకసారి ముందుకు తిప్పి, పెదవులు కదుపుతూ చదివేది. తర్వాత బోర్లించేది. నాకు ఆ చదవడం గుర్తుంది, కానీ అప్పుడు దాని గురించి ఏమీ అనుకోలేదు.

బండలు పరిచారు. గది అద్భుతంగా కుదిరింది. అంతటితో ఊరుకుని ఉంటే ఈ రాత లేదు.

సారు మెటీరియల్ పాస్‌పోర్ట్ అడిగారు. ప్రతి వస్తువూ ఎక్కడిది, ఇంతకుముందు ఏం చేసేది, ఇక్కడ ఏం చేస్తోంది అన్న పట్టిక. దాన్ని అందరికీ కనిపించేలా గోడకు పెట్టాలట. పారదర్శకత. మేస్త్రీకి చెబితే ఆయన బండల వంక జాలిగా చూశాడు.

"మా పెద్దోడికి కువైట్ పోను పాస్‌పోర్ట్ ఇంకా రాలా. బండలకు ముందొచ్చిందా?"

నేను క్లాసులో మొదటి బెంచీలో కూర్చున్న రకం. పట్టిక అడిగితే పట్టిక ఇస్తాను. తలుపులు, దూలాలు, చువ్వలు అన్నీ రాసి, నేల దగ్గరికి వచ్చేసరికి 'శంకుస్థాపన శిలాఫలకాలు, ఇరవై మూడు, అక్షరాలు కిందికి' అని రాసి, కింద ఒక్కో పలక ఏ పనికి చెక్కిందో వరుసగా వేశాను. ఒకటి, బస్సు షెల్టరు. రెండు, వంతెన. నాయకుల పేర్లు మాత్రం రాయలేదు. అది నా తెలివి. ఆ తెలివికి మురిసిపోయి ఫ్లెక్సీ కొట్టించాను. శనివారం సాయంత్రం వరండా గోడకు కట్టించి ఇంటికి వెళ్లాను. సోమవారం ప్రారంభం. గురువారం మిషను తిరుగుతుంది. మూడు రోజులు ముందే ఉన్నాం అనుకున్నాను.

ఆదివారం చివరి చూపుకని వెళ్లేసరికి వరండాలో పదిమంది ఉన్నారు. ముందు నిలబడినాయన ఎవరి మనిషో ఊళ్లో అందరికీ తెలుసు. పేర్లు రాయను కాబట్టి ఆయన్ని బస్సు షెల్టరు మనిషి అందాం. తెల్లచొక్కా, చేతిలో బండి తాళం. తాళంతోనే ఫ్లెక్సీ మీద మొదటి గీటు చూపించాడు.

"ఏం మేడం, మా అన్న పేరు మీద పిల్లోళ్లు ఉచ్చ పోస్తారా?"

పేర్లెక్కడా రాయలేదని, పని పేరు మాత్రమే రాశామని చెప్పాను. ఈ ఊళ్లో బస్సు షెల్టరు కట్టిస్తామన్నది ఎవరో తెలియని మనిషి ఉంటే చూపించమన్నాడు. ఎవరూ లేరు. కట్టని షెల్టరుకు అంత పేరుంటుందని నాకు తెలియలేదు.

అప్పుడే ఎదుటి వర్గం మనిషి బండి దిగాడు. గొడవ విని సంతోషంగా వచ్చాడు. ఊళ్లో రాళ్లకు కరువొచ్చి వాళ్లదే దొరికిందా మేడం అని నన్ను పరామర్శించాడు. ఇన్నాళ్లూ వీళ్లు జనం మీద నడిచారు, ఇప్పుడు వీళ్ల మీద పిల్లలు నడుస్తారు అన్నాడు. నవ్వుతూనే పట్టిక కిందికి చదివాడు. తొమ్మిదో గీటు దగ్గర నవ్వు ఆగింది. మహిళల మరుగుదొడ్లు. అది వాళ్లది.

ఆ తర్వాత జరిగింది నేను కళ్లారా చూడకపోతే నమ్మేదాన్ని కాదు. ఒకరి వీధిలోకి ఒకరు బండి తిప్పని ఇద్దరు మనుషులు ఒకే సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. ఒకే మాట మాట్లాడారు. నేల మొత్తం లేపాలి. రేపు ప్రారంభం గిరంభం లేదు. లేపిన రాళ్లు ఎవరివి వాళ్లకు అప్పజెప్పాలి. సారు నివేదికల్లో తరచూ రాసే 'భిన్న వర్గాలను ఒకచోటికి తెచ్చే స్థలం' అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. తెచ్చాం.

"సరే అన్నా, తీయిస్తాను," అన్నాను.

ఇది రాయకుండా దాటేద్దామని చాలాసేపు అనుకున్నాను. అన్నది నేనే. ఒక్కసారి అడగ్గానే అన్నాను. నేల లేపి, మాలు గీకి, మళ్లీ ఏదో రాయి వెతికి పరవడానికి మూడు వారాలు పడుతుందని తెలుసు. గురువారం మిషను అనీ తెలుసు. పొద్దున పాపకు ఒళ్లు వెచ్చగా ఉంది. అత్త రెండుసార్లుగా ఫోన్ ఎత్తలేదు. నాకు నాలుగు గంటల బస్సు కావాలి. ఇంకొకరి బిడ్డ గురువారం ఎక్కడుంటుంది అన్నది ఆ నిమిషంలో నా బుర్రలో లేదు.

ఆ బిడ్డ తల్లి తలుపు దగ్గరే ఉంది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది. తెల్లచీర, గుడ్డసంచిలో బైబిలు, చంకలో పిల్ల. ఉయ్యాల కొక్కెం ఎక్కడ పెట్టారో చూసుకుందామని వచ్చిందట. షెడ్డులో తప్ప ఆమెను నేను చూసింది అదే మొదటిసారి. దుమ్ము లేకపోతే అంత చిన్నదని తెలియలేదు.

"తవ్వండన్నా," అంది.

అందరూ తిరిగి చూశారు.

"తవ్వి ఎండలో పెట్టండి. మేమూ సదువుకుంటాం. మరుగుదొడ్లు యాడ కట్టిస్తామన్నారో రాసుండాది దాని మీద. నేను ఇంకా కంపచెట్ల ఎనక్కే పోతాండా."

మరుగుదొడ్ల మనిషి లేచి నిలబడ్డాడు. "అది వేరే ఇసయం మా."

"వేరే ఏందన్నా? ఒకటే బండ గదా."

బస్సు షెల్టరు మనిషికి నవ్వొచ్చింది, ఆపుకోలేదు. ఆమె ఆయన వైపు తిరిగి, షెల్టరు పలకలు రెండున్నాయని చెప్పింది. ఒకే చోటికి రెండుసార్లు, మధ్యలో అయిదేళ్లు. రెండూ తానే రుద్దింది. మొన్న వానకు బిడ్డను కొంగు కింద పెట్టుకుని అదే చోట నిలబడింది, ఇక్కడ పలకలు రెండున్నాయి గానీ అక్కడ షెల్టరు ఒక్కటీ లేదు అంది. గొంతు పెంచలేదు. చర్చిలో వాక్యం చదివేటప్పుడు ఎలా చదువుతుందో అలాగే, ఒక్కో పలకా వరుసగా చెప్పుకుపోయింది. ట్యాంకు. గిడ్డంగి. వంతెన. వరండా కింద జనం పెరుగుతున్నారు. ఆదివారం కదా, షెడ్లకు సెలవు.

వెనకనుంచి ఎవరో వంతెన ఏ వాగు మీదని అడిగారు. ఇంకెవరో ఆ వాగే పోయిందిలే అన్నారు.

బస్సు షెల్టరు మనిషి మేస్త్రీని పక్కకు పిలిచి, తమ రెండూ మాత్రం చడీచప్పుడు లేకుండా తీయొచ్చా అని అడిగాడు. అవతలాయనా చెవి అటే పెట్టాడు.

"యాది యాడుండాదో నాకు గుర్తు లేదప్పా," అన్నాడు మేస్త్రీ. "ఒకటి కావాలంటే అన్నీ లేపాల. లేపితే అన్నీ మొకం పైకి పెడతాం మరి. బోర్లా మోసుకుపోయేకి రావు."

ఏ పలక ఎక్కడుందో అంకెలు వేసిన నక్షా నా బ్యాగులో ఉంది. దాన్ని గీసిందీ నేనే, మేస్త్రీకి ఇచ్చిందీ నేనే. ఆయన నా వైపు చూడలేదు. నేను బ్యాగు జిప్పు తీయలేదు. ఆ రోజు నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అది ఆ జిప్పు తీయకపోవడం.

ఇద్దరు మనుషులూ మళ్లీ బెంచీ మీద కూర్చుని మెల్లగా మాట్లాడుకున్నారు. పావుగంట తర్వాత ఒక నిర్ణయం బయటికొచ్చింది. నేల లేపనక్కర్లేదు. ఫ్లెక్సీ మాత్రం ఇప్పుడే దింపాలి. పేరు మీద నేరుగా కాలు తగలకూడదు కాబట్టి గది మొత్తం చాప పరవాలి. చాపలు తామే ఇస్తారు.

సాయంత్రానికి చాపలొచ్చాయి. బహిరంగ సభల్లో వేసే ప్లాస్టిక్ చాపలు, ఇద్దరివీ వాళ్ల వాళ్ల రంగుల్లో. ఎవరి చాప తలుపు దగ్గర ఉండాలన్న దగ్గర మళ్లీ ఆగింది. మేస్త్రీ రెండింటినీ పొడుగ్గా, పక్కపక్కన వేశాడు. ఇద్దరివీ తలుపును తాకాయి. నా నాలుగు గంటల బస్సు ఎప్పుడో పోయింది. పాపకు జ్వరం లేదట. అత్త ఫోన్ బియ్యం డబ్బాలో పడిందట, ఎవరు పడేశారో చెప్పనక్కర్లేదు.

పాస్‌పోర్ట్ ఫోటో ఏదని సారు అడిగారు. గాలికి పోయిందని చెప్పాను. ఆళ్లగడ్డలో గాలి ఎక్కువా అన్నారు. ఒక్కోసారి అన్నాను. చాపలు చూసి ఆయన మొహం మాడింది, ప్లాస్టిక్ కదా, కొత్తవా అన్నారు. లేదు సార్, ఇవి కూడా సభల్లో వాడేసినవే అని నిజం చెప్పాను. సంతోషించారు. నివేదికలో స్థానిక నాయకత్వం స్వచ్ఛందంగా పునర్వినియోగ సామగ్రిని సమకూర్చిందని ఒక వాక్యం చేరింది. ఆ వాక్యంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

సోమవారం ప్రారంభం జరిగింది. రిబ్బను కత్తిరించడానికి ఎవరు ముందన్నది తేలక, ఎవరూ కత్తిరించలేదు. పిల్లలు దాని కింద నుంచి దూరి వెళ్లారు. బుధవారానికి చాపల కింద తడి చేరి వాసన పట్టింది. పిల్లల్ని చూసుకోవడానికి పెట్టిన ఆయమ్మ రెండింటినీ కడిగి పిట్టగోడ మీద ఆరేసింది. మళ్లీ పరవలేదు. బస్సు షెల్టరు మనిషి బండి మీద అటుగా వెళ్తూ వాటిని చూశాడు. బండి ఆపలేదు.

గురువారం సారుకు ఫోటోలు కావాలని నేను మళ్లీ వెళ్లాను. పాలిష్ పని చేసే ఆ తల్లి అప్పటిదాకా పిల్లను గదికి తీసుకురాలేదు. కళ్లముందు ఉంచుకోగలిగిన చివరిరోజు దాకా ఉంచుకుంది. అది నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎనిమిదిన్నరకు తెచ్చింది. దించితే పిల్ల ఏడవలేదు. చీరపేలిక లేని నడుముతో గది ఈ చివరనుంచి ఆ చివరకు నడిచింది, గోడను తాకింది, మళ్లీ ఇటు నడిచింది. తల్లి రెండు నిమిషాలు చూసి, షెడ్డుకు వెళ్లిపోయింది. తొమ్మిదింటికి కొత్త మిషను చప్పుడు వినిపించింది. వీధి అవతలనుంచి కూడా పళ్లు జివ్వుమనే చప్పుడు. నేను ఫోటోలు తీయడం ఆపి చాలాసేపు నేల మీదే కూర్చున్నాను.

సాయంత్రం అయిదుకు ఆయమ్మ గిన్నెలు సర్దేసి కొంగు దులుపుకుంది. గది అయిదుకు మూస్తారు. నగరంలో ఉన్న ఆఫీసుల వేళలు చూసి సారు పెట్టిన సమయం, నేను నక్షా మూలన ముచ్చటగా రాసిన సమయం. షెడ్లలో పని ఆరున్నరకు వదులుతారు. నిన్నటిదాకా అయిదయ్యాక పిల్లలు తల్లుల దగ్గరికి షెడ్డుకే పోయేవారు, మిషను వచ్చాక ఇక అది కుదరదు. కిటికీ సందుల్ని దారంతో కొలిచిన నేను, పని ఎప్పుడు వదులుతారని ఒక్క తల్లినీ అడగలేదు.

అయిదుగురు పిల్లలు మిగిలిపోయారు. ఆయమ్మకు ఇంట్లో తన పనులున్నాయి, ఆమెను ఆపే హక్కు నాకు లేదు. నేనే కూర్చున్నాను. ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాను. ఎవరి పిల్లలను చూసుకుంటున్నావని అత్త అడిగింది. చెప్పాను. వాళ్లకు ఏమన్నా తినబెట్టినావా అంది.

ఆరూ నలభైకి ఆడవాళ్లు వచ్చారు. గుమ్మం బయటే కుళాయి దగ్గర మోచేతులదాకా కడుక్కుని, అప్పుడు లోపలికొచ్చారు. నేను క్షమాపణ లాంటిదేదో మొదలుపెట్టాను. సమయం మార్చమని సారుకు రాస్తానని, ఆయన ఒప్పుకోవడానికి ఒక వారం పడుతుందని, ఈలోపు ఎలాగోలా నేనే వచ్చి ఉంటానని. ఆ తల్లి పిల్లను చంకనేసుకుని, నా మాట అయ్యేదాకా ఆగింది. వాళ్లలో వాళ్లు షెడ్డులోనే మాట్లాడుకున్నారట. రోజుకొకరు గంటన్నర ముందు పని దిగి వస్తారు. యజమానికి అప్పుడే చెప్పేశారు.

తాళం ఎప్పుడూ నంద్యాల ఆఫీసులోనే ఉండాలన్నది ఒప్పందం. పొద్దున ఆయమ్మకు ఇచ్చి, సాయంత్రం ఆటోలో తిరిగి తెప్పించుకోవాలి. దానికి ఒక రిజిస్టరు, రెండు సంతకాలు ఉన్నాయి. ఆ సంగతి చెప్పాను.

"నీ బిడ్డ ఎదురుసూస్తాంటాది," అంది. "తాళం ఇచ్చిపో మేడం."

ఆఫీసు తాళాల గుత్తిలోంచి ఆ గది తాళంచెవి తీసేసరికి నా గోరు విరిగింది. ఆమె చెయ్యి ఇంకా తడిగానే ఉంది. ఏడుంబావు బస్సు దొరికింది.